పిల్లి పొట్ట మీద బొచ్చు పోతోంది: బెంగా, దురదా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. మా పిల్లికి నాలుగేళ్లు. ఆడపిల్లి, ఆపరేషన్ చేయించాం. జూన్‌లో మా అమ్మాయి చదువు కోసం విశాఖపట్నం హాస్టల్‌కి వెళ్లింది. పిల్లి చిన్నప్పటినుంచీ అమ్మాయి పక్కలోనే పడుకునేది. ఇప్పుడు ఆ గది మేం పెద్దగా వాడం, పిల్లి మాత్రం పగలంతా ఆ మంచం మీదే ఉంటుంది. ఆగస్టు నుంచి అదేపనిగా పొట్ట, వెనక తొడలు, తోక మొదలు నాక్కుంటోంది. పొట్ట మీద బొచ్చు పూర్తిగా పోయింది. పుండ్లు లేవు, పేలు కూడా కనపడలేదు. అన్నంలో చేప కలిపి పెడితే బాగానే తింటోంది. మా అత్తగారు అది పిల్ల మీద బెంగ పెట్టుకుందంటున్నారు, వేపనూనె రాయమంటున్నారు. ఎదురింటివాళ్లు తమ కుక్కకి మెడ మీద వేసే చుక్కల మందు ఇచ్చారు, ఇంకా వెయ్యలేదు. మా ఆయన తోడుగా ఇంకో పిల్లిని తెద్దామంటున్నారు. ఇంట్లో మా మరిదిగారి రెండేళ్ల బాబు దాన్ని ఎత్తుకు తిరుగుతాడు. వాడికేమైనా అంటుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం: అమ్మా, ముందు ఆ చుక్కల మందు ఎదురింటివాళ్లకి తిరిగి ఇచ్చేయండి. ఇంకా వెయ్యలేదన్న మాట చదివాక నా మనసు కుదుటపడింది. కుక్కలకి వేసే చుక్కల మందుల్లో చాలావాటిలో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని విరిచి బయటికి పంపేయగలదు. పిల్లి కాలేయానికి ఆ శక్తి బాగా తక్కువ. అందుకే కుక్కకి సరిపోయే మోతాదు పిల్లి ప్రాణం మీదికి తెస్తుంది. వేసిన కొన్ని గంటల్లోనే చెవులు, మూతి అదరడం మొదలవుతుంది, నోటివెంట చొంగ కారుతుంది, ఒళ్లంతా వణికి ఫిట్స్ వస్తాయి. పశువులకి గోమార్లు పోవడానికి కొట్టే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ కూడా ఆ జాతి మందులే. అమిట్రాజ్ వేరే జాతిదైనా పిల్లికి అదీ పనికిరాదు. పాడి ఉన్న ఇళ్లలో ఈ సీసాలు చూరు కిందో, అటక మీదో ఉంటూనే ఉంటాయి, కాస్త నీళ్లలో కలిపి పిల్లికీ రాస్తే ఏమవుతుందిలే అనుకుంటారు. అలా అనుకుని తడిపిన పిల్లులు బతకడం కష్టం. ఎప్పుడైనా పొరపాటున ఒంటి మీద పడితే గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో వెంటనే కడిగేసి, తువ్వాలులో చుట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. వణుకు వస్తుందేమో చూద్దామని ఆగకూడదు. ఈ మందుల మిగులు కాలవలోనో చెరువులోనో పారబొయ్యకండి. రొయ్యలకీ చేపలకీ ఇవి విషం.

ఇక అసలు సంగతికి వద్దాం. మీ పిల్లికి బొచ్చు ఊడిపోవడం లేదు. అదే నాకి నాకి తెంపుకుంటోంది. ఈ తేడా తెలిస్తే సగం దారి తెలిసినట్టే. పిల్లి నాలుక మీద వెనక్కి తిరిగిన గట్టి ముళ్లు ఉంటాయి. మామూలుగా ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, బొచ్చు దువ్వుకోవడానికి పనికొచ్చే ఆ ముళ్లే, ఒకే చోట గంటలకొద్దీ ఆడితే వెంట్రుకల్ని మొదలు దగ్గర తెంపేస్తాయి. బోడి అయిన చోట అరచేత్తో ఎదురుగా నిమిరి చూడండి. రెండు రోజుల గడ్డంలా గరగరలాడితే వెంట్రుక వేరు లోపలే ఉంది, పైది తెగిందని అర్థం. బోడి అంచున ఉన్న బొచ్చుని రెండు వేళ్లతో మెల్లగా లాగినా ఊడి రాకపోతే అది కూడా అదే మాట చెబుతుంది. డాక్టర్లు నాలుగు వెంట్రుకలు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తారు. సహజంగా పెరిగిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది, నాకి తెగినదైతే మొండిగా విరిగి ఉంటుంది.

పిల్లి మెలకువగా ఉన్న సమయంలో చాలా భాగం ఒళ్లు నాక్కోవడానికే పోతుంది కాబట్టి ఎక్కువ నాక్కుంటోందని ఇంట్లోవాళ్లకి తొందరగా తెలియదు. చాలా పిల్లులు ఎవరూ లేనప్పుడో, రాత్రి పూటో ఈ పని చేస్తాయి. "మేం ఎప్పుడూ చూడలేదండీ, బొచ్చు దానంతటదే రాలిపోతోంది" అని చెప్పేవాళ్లు అందుకే ఎక్కువ. మీరు చూశారు, అది మేలైంది. కక్కులో బొచ్చు ఉండలు పడుతున్నాయా, దొడ్డికి వెళ్లినప్పుడు బొచ్చు కనబడుతోందా అన్నది కూడా గమనించండి.

మీ అత్తగారి మాట నేను కొట్టిపారెయ్యను. పిల్లికి మనుషులు తెలుసు, ఇంట్లో వేళలు తెలుసు, అవి మారితే దానికి కష్టమే. కానీ బెంగ అన్న మాట ఆఖర్న అనాల్సింది, మొదట్లో కాదు. 2006లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. ఇది మానసికమే అనుకుని పంపిన 21 పిల్లుల్ని చర్మవైద్యులు ఒక్కొక్క కారణం తోసిపుచ్చుకుంటూ పూర్తిగా పరీక్షించారు. 16 పిల్లులకి ఒంట్లోనే కారణం దొరికింది. ఎలర్జీలే ఎక్కువ. మూడింటికి ఒంటి బాధా, మనసు బాధా రెండూ ఉన్నాయి. వట్టి మానసికం అని తేలినవి రెండే. బెంగ అని తీర్మానించుకుని ఊరుకుంటే దురదతో ఉన్న పిల్లిని నెలల తరబడి అలాగే వదిలేసినట్టవుతుంది. నాకు బాధ కలిగించేది అదే. నోరులేని జీవి దురదని మనం ప్రేమగా అపార్థం చేసుకుంటున్నాం.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆ గది మీరు పెద్దగా వాడరు, పిల్లి మాత్రం పగలంతా ఆ మంచం మీదే ఉంటుంది. జూన్‌లో అమ్మాయి వెళ్లింది. ఆ నెలలోనే వానలు మొదలయ్యాయి. ఆ గదిలో ఊడ్చడం తగ్గింది, దుప్పట్లు మార్చడం తగ్గింది. రెండు నెలలకి పిల్లి నాక్కోవడం మొదలైంది. అమ్మాయి వెళ్లడానికీ బొచ్చు పోవడానికీ సంబంధం ఉండొచ్చు, అయితే అది ఆ పరుపు మీదుగా వచ్చిన సంబంధమని నా అనుమానం. మొట్టమొదట అనుమానించాల్సింది ఫ్లీస్‌ని, అంటే ఒంటి మీద గెంతుతూ తిరిగే సన్నటి గోధుమరంగు పేలని.

ఫ్లీ పిల్లి ఒంటి మీదే గుడ్లు పెడుతుంది, ఆడది రోజుకు 40, 50 దాకా. మన తలలో ఈపుల్లా ఆ గుడ్లు వెంట్రుకకి అంటుకోవు. జారి కింద పడతాయి. పిల్లి ఎక్కడ ఎక్కువసేపు పడుకుంటే అక్కడ ఎక్కువ పడతాయి. వాటిలోంచి వచ్చే పురుగులకి వెలుతురు గిట్టదు. పరుపు కుట్లలోకి, మంచం కీళ్లలోకి, చాప అడుగుకి దూరిపోతాయి. పెద్ద ఫ్లీస్ విసర్జించే ఎండిన రక్తమే వాటి తిండి. తర్వాత గూడు కట్టుకుంటాయి. ఆ గూట్లో ఉన్నప్పుడు వాటిని ఏ మందూ సరిగా తాకదు. అన్నీ అనుకూలిస్తే గుడ్డు నుంచి గెంతే ఫ్లీ దాకా మూడు వారాల పని. అనుకూలించకపోతే గూట్లోనే నెలల తరబడి ఆగి, మంచం కదిలినప్పుడో, ఒంటి వేడి తగిలినప్పుడో, ఊపిరి సోకినప్పుడో బయటికి దూకుతుంది. మనుషులు తిరగని, దులపని గదిలో మెత్తటి పరుపు, దాని మీద రోజూ వెచ్చగా పడుకునే ఒక పిల్లి. ఫ్లీకి ఇంతకంటే ఏం కావాలి?

పైగా మనది డెల్టా. చుట్టూ వరిచేలు, కాలవలు, చేపల చెరువులు. ఫ్లీ గుడ్లకి, పురుగులకి కావలసింది తేమ, మరీ మండని వెచ్చదనం. చలిదేశాల్లో చలికాలం వాటికి అడ్డుపడుతుంది. భీమవరంలోనో అమలాపురంలోనో వాటికి అలాంటి అడ్డేమీ లేదు. రోహిణి కార్తె ఎండలకి కాస్త తగ్గినా తొలకరి పడగానే మళ్లీ లేస్తాయి. పెరట్లో గడ్డిమేటు, కొబ్బరి డొక్కల కుప్ప, అరుగు కింద పడుకునే వీధికుక్క ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

పేలు కనపడలేదని రాశారు. చాలామంది ఇక్కడే మోసపోతారు. కొన్ని పిల్లులకి ఫ్లీ లాలాజలం పడదు. అలాంటి పిల్లికి ఒళ్లంతా ఫ్లీస్ ఉండక్కర్లేదు. కొద్ది కాట్లు చాలు, దురద రోజుల తరబడి ఉంటుంది. ఆ దురదకి అది ఎంత శ్రద్ధగా నాక్కుంటుందంటే ఒంటి మీది ఫ్లీస్‌ని కూడా మింగేస్తుంది. అంటే దురద ఎక్కువున్న పిల్లి మీదే ఫ్లీస్ కనపడే అవకాశం తక్కువ. మీరు రాసిన చోట్లు, అంటే తోక మొదలు, తొడల వెనక, పొట్ట, ఈ ఎలర్జీ ఎక్కువగా చూపించే చోట్లు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. పిల్లి కడుపు నిండా తిని మగతగా ఉన్నప్పుడు తెల్లటి కాగితం మీద కూర్చోబెట్టండి. సన్నపళ్ల పేల దువ్వెనతో మెడ దగ్గర, వెన్ను కింది భాగంలో, తోక మొదట్లో చర్మానికి తగిలేలా నెమ్మదిగా దువ్వండి. ఐదు నిమిషాలు చాలు. దువ్వెనకి, కాగితానికి మిరియప్పొడి లాంటి నల్లటి నలుసులు వస్తే తడి దూదితో అద్ది ఒక నిమిషం ఆగండి. మామూలు మట్టయితే మట్టిరంగే ఉంటుంది. నలుసు చుట్టూ తుప్పురంగు ఎరుపు పాకితే అది ఫ్లీ విసర్జించిన రక్తం. పరీక్ష అయిపోయినట్టే. ఇంకో గుర్తు కూడా ఉంది. పిల్లి మలద్వారం దగ్గర, లేదా అది పడుకున్న చోట మెతుకుల్లాంటి తెల్లటి ముక్కలు కనపడితే అవి బద్దెపురుగు ముక్కలు. ఆ పురుగు పిల్లికి ఎక్కువగా వచ్చేది ఫ్లీని మింగడం వల్లే. ఆ గదిలోకి వెళ్లి వచ్చినవాళ్లకి చీలమండల దగ్గర ఎర్రటి దద్దులు, దురద వస్తున్నాయేమో కూడా అడగండి. దోమలని సరిపెట్టుకుంటాం కానీ ఫ్లీస్ మనుషుల్నీ కాళ్ల దగ్గరే ఎక్కువగా కుడతాయి.

ఏమీ కనపడకపోయినా ఫ్లీ మందు వెయ్యాల్సిందే. ఎలర్జీ ఉన్న పిల్లిలో కనపడకపోవడం రుజువు కాదని చెప్పాను కదా. ఫిప్రోనిల్, సెలమెక్టిన్, ఫ్లూరలానర్ లాంటి మందులు పిల్లుల కోసం ప్రత్యేకంగా చేసినవి దొరుకుతాయి. డబ్బా మీద పిల్లి బొమ్మ ఉందో లేదో చూడండి, పిల్లిని తూకం వేయించి దాని బరువుకి తగినది డాక్టరు రాసిస్తేనే కొనండి. మెడ వెనక, నాలుక అందని చోట బొచ్చు పాయ తీసి చర్మం మీద వెయ్యాలి. బొచ్చు మీద పడితే ఉపయోగం లేదు. స్నానం చేయించాలనుకుంటే మందుకి రెండ్రోజులు అటూ ఇటూ పెట్టుకోండి. ఇంట్లో ఇంకో పిల్లి గానీ కుక్క గానీ ఉంటే అదే రోజున దాని మందు దానికి వెయ్యాలి. ఒక్కసారి వేసి నాలుగు రోజులు చూసి "పని చెయ్యలేదు" అనకండి. గూళ్లలో దాక్కున్నవి వారాల తరబడి బయటికొస్తూనే ఉంటాయి. డాక్టరు చెప్పిన గడువు తప్పకుండా కనీసం మూడు నెలలు పట్టాలి.

గది సంగతి మీ చేతుల్లో ఉంది. దుప్పట్లు, దిండు గలీబులు, పిల్లి పడుకునే గుడ్డలు బాగా వేడినీళ్లలో నానబెట్టి ఉతకండి. పరుపుని వాన తెరిపిచ్చిన రోజున డాబా మీదకి మోయించి రెండు పక్కలా బాగా ఎండబెట్టండి. మంచం విప్పగలిగితే విప్పి కీళ్లు, పగుళ్లు తుడవండి. మంచం కింద, బీరువా కింద, గుమ్మం మూలల్లో రోజూ ఊడ్చి చెత్త బయట పారెయ్యండి. వాక్యూమ్ ఉంటే ఇంకా మంచిది. పిల్లి తిరిగే గదిలో బొద్దింకల స్ప్రే కొట్టకండి. కలరా ఉండలు, కర్పూరం పరుపు కింద పెట్టకండి, అవి పిల్లికి విషం. ఫినాయిల్‌తో, డెట్టాల్ లాంటి వాటితో నేల తుడిస్తే ఆ తడి పాదాలకి అంటుతుంది, పిల్లి పాదాలు నాక్కుంటుంది. సబ్బునీళ్లు చాలు.

వేపనూనె ప్రశ్నకి కూడా జవాబు ఇదే. ఎద్దు మెడ మీద పుండుకి వేపనూనో కానుగనూనో రాస్తే అది అక్కడే ఉంటుంది. పిల్లికి ఏం రాసినా పది నిమిషాల్లో కడుపులోకి పోతుంది. పసుపు ముద్ద, కిరసనాయిలు, తలనొప్పికి రాసుకునే బామ్ ఏదైనా అంతే. నొప్పిగా ఉందేమోనని మనం వేసుకునే పారాసెటమాల్ మాత్ర మాత్రం చిన్న ముక్క కూడా వెయ్యొద్దు. ఒక్క మాత్రతో పిల్లి చనిపోతుంది. అత్తగారికి నా మాటగా చెప్పండి, ఆవిడ దాని మీద ప్రేమతోనే అంటున్నారు.

ఫ్లీ మందు సక్రమంగా వేసి, గది శుభ్రం చేసినా ఆరు, ఎనిమిది వారాలకి నాక్కోవడం తగ్గకపోతే అప్పుడు తిండి వైపు చూడాలి. గోదావరి జిల్లాల్లో పిల్లికి చేప పెట్టొద్దని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ పిల్లుల్లో తిండి ఎలర్జీ తెప్పించే పదార్థాల్లో చేప ముందు వరసలోనే ఉంటుంది. కోడిమాంసం, గొడ్డుమాంసం కూడా. ఏళ్ల తరబడి తింటున్నదే పడకుండా పోవచ్చు. "ఇన్నాళ్లూ తింది కదా" అన్నది ఇక్కడ చెల్లదు. దీనికి నమ్మదగిన రక్తపరీక్ష లేదు. ఉన్న దారి ఒక్కటే, ఇంతవరకూ అది తినని ఒకే ఒక్క మాంసంతోనో, డాక్టరు రాసే ప్రత్యేక ఆహారంతోనో కనీసం ఎనిమిది వారాలు నడపడం. ఆ ఎనిమిది వారాల్లో ఒక్క రొయ్య తలకాయ, ఒక్క గుటక పాలు కూడా పడకూడదు. పెరట్లో చేపలు తోమేవేళ పిల్లిని గదిలో పెట్టాలి, పక్కింటివాళ్లకి ముందే చెప్పుకోవాలి. తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టి చూస్తారు, నాక్కోవడం తిరగబెడితే కారణం దొరికినట్టు. ఫ్లీస్ సంగతి తేలకుండా ఇది మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో, దేనివల్ల తగ్గలేదో ఎవరికీ అర్థం కాదు. అందుకే వరస ముఖ్యం.

ఎలర్జీ మాట పక్కన పెట్టినా వట్టి అన్నంలో చేప పులుసు కలిపి పెడితే పిల్లికి సరిపోదు. అది పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే రావాలి. అన్నం ఎక్కువ, మాంసం తక్కువ అయితే బొచ్చు నిగనిగ తగ్గడమే కాదు, కళ్లు, గుండె దెబ్బతింటాయి.

పొట్ట నాక్కోవడానికి దురద కాకుండా నొప్పి కూడా కారణం కావచ్చు. ఇది మీరు ఈ రోజు నుంచే కనిపెట్టాలి. మూత్రాశయం వాచిన పిల్లి పొత్తికడుపు దగ్గర అదేపనిగా నాక్కుంటుంది. మాటిమాటికీ మూత్రానికి కూర్చుంటోందా, కొద్దికొద్దిగా పోస్తోందా, పోసేటప్పుడు అరుస్తోందా, మూత్రం ఎర్రగా ఉందా, ఎప్పుడూ లేనిది గచ్చు మీద పోస్తోందా చూడండి. ఇందులో ఏ ఒక్కటున్నా ఫ్లీ మందు ఫలితం కోసం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఈ వాపు టెన్షన్‌లో ఉన్న పిల్లులకి ఎక్కువగా వస్తుంది కాబట్టి మీ ఇంట్లో దాన్ని తప్పకుండా లెక్కలోకి తీసుకోవాలి. మగపిల్లి ఉన్న పాఠకులకి ఒక మాట: మగపిల్లి ముక్కుతున్నా మూత్రం రాకపోతే అది గంటల్లో ప్రాణం తీసే అత్యవసరం.

కంటికి కనపడని గజ్జి పురుగులు కూడా కొన్ని రకాలున్నాయి. డాక్టరు చర్మాన్ని గీకి మైక్రోస్కోప్ కింద చూసి చెబుతారు. ముక్కు దూలం మీద, చెవుల అంచున పెచ్చులు కడితే మాత్రం దోమకాటు ఎలర్జీ అని అనుమానించాలి. మన దోమల మధ్య అది వింతేం కాదు, కానీ మీ పిల్లికి ఉన్న చోట్లు అవి కావు.

బాబు గురించి మీ భయం న్యాయమైనదే. ఎలర్జీ అంటుకోదు, నాకడం వల్ల వచ్చిన బోడి అంటుకోదు. పిల్లి నుంచి పిల్లలకి అంటుకునేది తామర. తామరలో బోడి మచ్చలు ఎక్కువగా ముఖం మీద, చెవుల మీద, పాదాల మీద వస్తాయి, పొట్టు రాలుతుంది, పిల్లి పెద్దగా నాక్కోదు. మీరు చెప్పినదానికి అది అంతగా అతకదు. అయినా బాబు ఒంటి మీద గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి దురదపెట్టే మచ్చ వస్తే వాణ్ణి పిల్లల డాక్టరుకి, పిల్లిని పశువుల డాక్టరుకి ఒకేసారి చూపించండి. పిల్లిని చూసే డాక్టరు ప్రత్యేకమైన లైటు వేసి చూసి, అనుమానం ఉంటే బొచ్చు నమూనాని ల్యాబ్‌కి పంపిస్తారు. ఈలోగా పిల్లిని ఎత్తుకున్నాక బాబు చేతులు సబ్బుతో కడగడం అలవాటు చెయ్యండి. ఫ్లీస్ వాణ్ణీ కుడతాయి కాబట్టి ఆ గదిలోకి కొన్నాళ్లు వెళ్లనివ్వొద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు దువ్వెనతో తీసిన నలుసుల కాగితం మడిచి తీసుకెళ్లండి. బోడి ఎప్పుడు ఎక్కడ మొదలైందో, ఏం తింటోందో, ఏయే మందులు వేశారో రాసుకోండి. నాక్కుంటున్నప్పుడు ఫోన్లో తీసిన చిన్న వీడియో ఉంటే మరీ మంచిది, ఎందుకంటే ఆస్పత్రి బల్ల మీద పిల్లి భయంతో ముడుచుకుపోతుంది, ఒక్కసారీ నాక్కోదు. మండలాల్లో పశువుల ఆస్పత్రులకి వచ్చేవి ఎక్కువగా గేదెలు, ఆవులు. పిల్లి చర్మం కేసు వాళ్లకి అరుదు. అలా అనిపిస్తే భీమవరంలోనో రాజమహేంద్రవరంలోనో పెంపుడు జంతువుల్ని చూసే క్లినిక్‌కి వెళ్లండి. అక్కడా తేలకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. మూతున్న బుట్టలో దాని వాసన ఉన్న గుడ్డ వేసి, పైన తువ్వాలు కప్పి తీసుకెళితే బస్సులోనైనా అంత గోల చెయ్యదు.

దురద తగ్గడానికి డాక్టరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. తప్పు కాదు, పిల్లికి వెంటనే హాయినిస్తుంది. అయితే కారణం వెతక్కుండా నెలనెలా అదే ఇంజెక్షన్ పొడిపించుకుంటూ పోతే షుగర్ వచ్చే ప్రమాదం ఉంది. "దురద ఎందుకొస్తోందండీ, ఏం పరీక్షలు చేద్దాం?" అని మీరే అడగండి. మెడకి వేసే ప్లాస్టిక్ కాలర్ కూడా చర్మం చిట్లినప్పుడు పుండు పడకుండా కాపాడుతుందే తప్ప జబ్బుని తగ్గించదు. నాక్కునేటప్పుడు తిట్టడం, నీళ్లు చల్లడం అసలు వద్దు. భయపడిన పిల్లి మంచం కిందకి పోయి అక్కడ నాక్కుంటుంది.

ఇవన్నీ అయ్యాక కూడా నాక్కుంటూనే ఉంటే అప్పుడు బెంగ అందాం. దానికీ దారులున్నాయి. తిండి, ఆట రోజూ ఒకే వేళకి ఉండాలి. అమ్మాయి ఆడించే వేళ ఏదో కనుక్కుని, ఆ వేళకే మీలో ఒకరు దారానికి ఈకో కాగితమో కట్టి పది నిమిషాలు వేటాడించండి. ఆట అయ్యాక దారం తీసి దాచెయ్యండి, మింగితే పేగుకి ప్రమాదం. పిల్లాడి చేతికి అందనంత ఎత్తులో కిటికీ పక్కన ఒక పలక, దూరడానికి ఒక అట్టపెట్టె పెట్టండి. దసరాకి అమ్మాయి వచ్చినప్పుడు తను తొడిగిన చొక్కా ఒకటి ఉతక్కుండా ఉంచుకుని, శుభ్రం చేసిన పరుపు మీద పరవండి. పిల్లికి మనిషి వాసనే పెద్ద ఆసరా. వీటితో కూడా లొంగకపోతే మనసుని కుదుటపరిచే మందులు పిల్లులకీ ఉన్నాయి, డాక్టరు పర్యవేక్షణలో కొన్ని నెలలు వాడతారు. మనకి రాసినవి మాత్రం దానికి పెట్టకూడదు.

నాక్కోవడం ఆగితే బొచ్చు మళ్లీ వస్తుంది. రెండు మూడు నెలలు పడుతుంది, ముందు సన్నటి నూగుగా మొదలవుతుంది. వారానికోసారి ఒకే వెలుతురులో పొట్ట ఫోటో తీసి పెట్టుకోండి, రోజూ చూసే కంటికి మార్పు తెలియదు.

మీవారి ఆలోచన గురించి. రెండో పిల్లిని ఇప్పుడు తేవద్దు. పెద్దయిన పిల్లికి కొత్త పిల్లి తోడు కాదు, తన చోటుకి పోటీ. ఇంట్లో రెండు పిల్లుల మధ్య కనపడని తగాదా కూడా అతిగా నాక్కోవడానికి కారణాల్లో ఒకటి. పైగా కొత్తగా వచ్చేది ఇంకో దండు ఫ్లీస్‌నో, తామరనో వెంటబెట్టుకు రావచ్చు. దీని బొచ్చు పూర్తిగా వచ్చి, ఇంకో ఆరు నెలలు నిలకడగా ఉన్నాక ఆయనకి ఇంకా మనసుంటే అప్పుడు మళ్లీ రాయండి. కొత్తదాన్ని ఎన్నాళ్లు వేరే గదిలో ఉంచాలో, రెండింటినీ ఎలా కలపాలో వివరంగా చెబుతాను.